ఖర్చు లేని అలంకారము దేవునికి తగునా?

ధ్యాన భాగములు: 2 సమూయేలు 24:18-25, లూకా 2:1-24, యోహాను 12:1-8

డిసెంబరు నెల వచ్చినదనగా మన టేకులపల్లి ప్రాంతపు సంఘములలో రెండు పనులు ఒకదానితో నొకటి పోటీపడుచు వచ్చును. ఒక ప్రక్క కళ్లములలో వరి నూర్పిడి, చేలలో పత్తి తీత. మరియొక ప్రక్క క్రిస్మసు ఏర్పాట్లు. ఆదివారపు ఆరాధన ముగిసిన పిమ్మట పెద్దలు గుడిలోనే కూర్చుండి, అలంకారమునకు ఇంటికెంత చందా వేయవలెనని లెక్క కట్టుదురు. ఇల్లెందునుండియో, కొత్తగూడెమునుండియో తేవలసిన మెరుపు తోరణములు, ప్లాస్టిక్ నక్షత్రములు, రంగు బుడ్డలు, థర్మాకోల్ అక్షరములు ఒక చీటీమీదికెక్కును. అప్పుడు వెనుక కూర్చున్న తల్లి యెవరో, మన అడవిలో ఆకులు లేవా, మన చేలలో కంకులు లేవా, వాటితో చేసికొనరాదా యని అడుగును. వెంటనే ముందు వరుసలోనుండి జవాబు వచ్చును: "ఊరక దొరికినది దేవునికి పెట్టుదుమా అమ్మా?"

ఆ తల్లి మారు మాటాడదు. చందా వ్రాయబడును. అయినను ఆ ప్రశ్న అక్కడితో తీరిపోయినదని మనము అనుకొనరాదు. ఊరక దొరికినది దేవునికి పెట్టవచ్చునా? డబ్బు పెట్టి కొన్న అలంకారము గౌరవమా, చేతితో అల్లినది పిసినారితనమా? ఇది పైకి రంగు కాగితముల సంగతివలె కనబడును గాని, లోపల మన ఆరాధన సంగతి, మన పొరుగువాని సంగతి, దేవుడు మనకప్పగించిన నేల సంగతి యున్నది. కాబట్టి ఈ నెల దీనిని నిదానముగా ఆలోచింతము.

దావీదు మాట

మొదట, ముందు వరుసలోని ఆ పెద్దమనుష్యుని మాటను తేలికగా తీసివేయవలదు. ఆయన పక్షమున పరిశుద్ధ గ్రంథములో గొప్ప సాక్ష్యమే యున్నది. దావీదు రాజు బలిపీఠము కట్టుటకు అరౌనా కళ్లమునకు వెళ్లెను. అరౌనా తన కళ్లమును, ఎడ్లను, కట్టెలకొరకు నూర్చు సామానును ఊరకనే ఇచ్చెదననెను. దావీదు ఒప్పుకొనలేదు. తనకు ఖర్చు కాని దానిని దేవునికి అర్పింపనని చెప్పి, 50 తులముల వెండి ఇచ్చి కళ్లమును, ఎడ్లను కొనెను. ఇది నిజమైన భక్తి. ఇంటిలో పనికిరాని చీర, కాలు విరిగిన కుర్చీ గుడికి ఇచ్చి, దేవునికిచ్చితినని చెప్పుకొనువారికి ఇది నేటికిని గద్దింపే.

అయితే దావీదు ఏమి నిరాకరించెనో బాగుగా చూడుడి. అతడు కొనని వస్తువును నిరాకరించలేదు. మరియొకడు ఖర్చుపెట్టగా తాను పేరు పొందుటను నిరాకరించెను. ఎడ్లు అరౌనావి, కళ్లము అరౌనాది. అర్పణ మాత్రము దావీదుది యగునా? ఆ అన్యాయమునే అతని మనస్సు ఒప్పుకొనలేదు. కాబట్టి దావీదు మాటను కొలబద్దగా పెట్టుకొన్నయెడల మనము అడుగవలసినది, ఈ అలంకారమునకు వెల యెంత అని కాదు. దీనికొరకు మూల్యము చెల్లించువాడెవడు అని. వెల వేరు, మూల్యము వేరు. వెల అంగడిలో తెలియును. మూల్యము కొన్నిసార్లు అంగడికి చాల దూరమున, కొన్నిసార్లు పండుగ వెళ్లిపోయిన చాల దినములకు తెలియును.

చేతులు పెట్టు ఖర్చు

ఇంటిలో చేసిన అలంకారమునకు ఖర్చు లేదనువారు ఒక నక్షత్రమును తమ చేతులతో చేసి చూడవలెను. ఎండిన వెదురును సన్నగా చీల్చి, అంచులు గీకి, ఒక్కటే పొడవుగల పది బద్దలు సిద్ధపరచవలెను. అయిదు బద్దలను ఒకదానిమీద నొకటి వేసి పురికొసతో కట్టినయెడల అయిదు మొనల చుక్క ఒకటి వచ్చును. మిగిలిన అయిదింటితో రెండవ చుక్క. ఈ రెంటిని ఒకదానిమీద నొకటి పెట్టి మొనలను కలిపి కట్టి, లోపలి అయిదు కూడళ్లయందు జానెడు పుల్లలను అడ్డముగా నిలిపినయెడల నడుమ బొద్దుగా ఉబ్బి, నక్షత్రమునకు ఒడలు వచ్చును. ఆ మీదట పలుచని కాగితమును మైదా జిగురుతో అంటించి, నీడను ఆరనియ్యవలెను. ఒక కట్టు వదులైనను చుక్క వంకర పోవును. ఒక్కడు చేయగల పని కాదు. ఒకడు పట్టుకొనవలెను, ఒకడు కట్టవలెను. ఆలస్యమగును, వేళ్లకు వెదురు పేళ్లు గ్రుచ్చుకొనును. ఇది ఖర్చు కాదా?

నిర్గమకాండము 35వ అధ్యాయము చదువుడి. ప్రత్యక్షపు గుడారమునకు బంగారము, వెండి తెచ్చినవారున్నారు. వారితోపాటు, మేకవెండ్రుకలు తమ చేతులతో వడికి తెచ్చిన స్త్రీలును ఉన్నారు. వారిని గూర్చి ఆ గ్రంథము ప్రత్యేకముగా చెప్పినది. బెసలేలు చేతికి నైపుణ్యము ఇచ్చినది దేవుని ఆత్మయే యని అక్కడనే యున్నది. బంగారము ఉన్నవాడు బంగారమిచ్చెను. చేతిపని తెలిసినది చేతిపని యిచ్చెను. గుడారములో రెండింటికిని చోటు దొరకెను. అట్లుండగా మన సంఘములో బుట్టలల్లువారికి, కుట్టుపని తెలిసిన లంబాడీ సహోదరీలకు, తాటాకుతో చిలుకలు చేయు కోయపిల్లలకు, చందా చీటీమీద అంకె తప్ప వేరే చోటు లేకపోవుట ఏమి న్యాయము? రూపాయలు చాలనివాడు తాను ఇవ్వగలది ఏమియు లేదనుకొని తలవంచుకొని కూర్చుండును. అతని చేతులలో దేవుడు పెట్టినదానిని మనము అడుగనే లేదు.

చౌకగా దొరకు మెరుపు

ఇప్పుడు కొనితెచ్చిన తోరణము సంగతి చూతము. ఆ మెరయునది వెండియు కాదు, కాగితమును కాదు. చాలమట్టుకు అది పలుచని ప్లాస్టిక్ పొరమీద ఇంకను పలుచని అల్యూమినియము పూత. రెండు పదార్థములు ఒకదానికొకటి అంటుకొని యుండుటచేత దానిని కరగించి మరల వాడుకొనుట బహు కష్టము. పాత సామాను కొనువాడు కూడ దానిని తీసికొనడు. మట్టిలో వేసినయెడల అది కుళ్లదు. తునకలై, ఆ తునకలు ఇంకను చిన్న తునకలై నేలలోనే యుండును. కాల్చినయెడల విషపు పొగ లేచి, అది మన పిల్లల రొమ్ములోనికే పోవును. థర్మాకోల్ సంగతియు ఇంతే. అలంకారమునకు వాడు థర్మాకోల్ వస్తువులను మన దేశ ప్రభుత్వము 2022 జూలై 1 నుండి నిషేధించినది. ఈ సంగతి తెలియక ఇంకను దానినే కత్తిరించి ప్రభువు పేరు గోడకు అంటించు సంఘములు ఉండవచ్చును. చట్టము నిషేధించిన వస్తువుతో పరిశుద్ధ నామమును వ్రాయుట మనకు తగదు.

జనవరి మొదటి వారములో గుడి ఊడ్చినప్పుడు ఈ మెరుపంతయు ఎక్కడికి పోవును? గుడి వెనుక గుంటలోనికి, లేక వాగులోనికి. అక్కడికి ఊరి పశువులు మేతకు వచ్చును. ఆవునకు పెదవులతో ఏరుకొని తినుట మేకవలె చేతకాదు. అన్నము వాసన తగిలిన సంచిని సంచితోనే మ్రింగును. మ్రింగిన ప్లాస్టిక్ మొదటి పొట్టలో చిక్కుపడి నిలిచిపోవును, మేతకు చోటుండదు, పశువు కడుపు నిండినట్లే యుండి చిక్కిపోయి చచ్చును. పట్టణములలో పశువైద్యులు కోత వేసి ఒక్కొక్క ఆవు పొట్టలోనుండి పదుల కిలోల ప్లాస్టిక్ తీసిన వార్తలు మనము వినుచునే యున్నాము.

దీనిని ఒక్క క్షణము తలంచుడి. సత్రములో మనుష్యులు చోటియ్యనప్పుడు పశువుల తొట్టి ప్రభువునకు చోటిచ్చినది. ఆ తొట్టి ఉపకారమును జ్ఞాపకము చేసికొనుటకు మనము పండుగ చేయుదుము. ఆ పండుగ చెత్తయే పశువు పొట్టలోనికి పోవుచున్నది. వెల తక్కువ యనుకొన్న తోరణమునకు మూల్యము చెల్లించినదెవరు? నోరులేని పశువు, నీరు పాడైన వాగు, రేపు ఆ నేల దున్నబోవు మన మనుమడు. వీరిలో ఎవరిని మనము అడుగలేదు. అరౌనా తానై ఇచ్చెదనన్నప్పటికిని దావీదు తీసికొనలేదే. మనము ఇచ్చెదమని చెప్పనివారినుండియే తీసికొనుచున్నాము. ఖర్చు కానిది అర్పింపనన్న దావీదు మాట ఇప్పుడు ఎవరివైపు తిరుగుచున్నదో చూచితిరా?

అత్తరు సంగతి

అయినను మరియొక అభ్యంతరము మిగిలియున్నది; దానిని దాటిపోరాదు. బేతనియలో మరియ 300 దేనారముల వెలగల అత్తరును ప్రభువు పాదములకు పూసెను. దేనారమనగా ఒక కూలివాని ఒక దినపు కూలి. అనగా దాదాపు ఒక సంవత్సరపు కష్టార్జితము ఒక్క గడియలో ఒలికిపోయెను. ఇది దుబారా యని గొణిగినవాడు యూదా. ప్రభువు మరియనే సమర్థించెను. కాబట్టి పండుగనాడు ఖర్చును చూచి గొణుగువారు తాము ఎవరి ప్రక్కన నిలిచియున్నారో చూచుకొనవలెను. ప్రేమకు లెక్కలు వ్రాసికొను గుణము లేదు. సంవత్సరమంతయు గంజి త్రాగి పనిచేసిన పల్లె, పండుగనాడు వెలుగు కోరుటలో తప్పు లేదు. మెరయు చుక్కను చూచి గంతులు వేయు పిల్లవానిని కసురుకొనువాడు క్రిస్మసును గ్రహించినవాడు కాడు.

మరి అత్తరునకును, మెరుపు తోరణమునకును భేదమేమి? రెండును కొన్నవే గదా? భేదము రెండు విధములు. ఆ అత్తరు మరియదే. దాని భారము ఆమెమీదనే పడెను, మరి యొకరి మీద పడలేదు. రెండవది, అత్తరు ఒలికిన తరువాత ఇల్లంతయు సువాసనతో నిండెనని యోహాను వ్రాసెను. మరియ అర్పణ వెనుక మిగిలినది సువాసన. మన అర్పణ వెనుక మిగిలినదేమి? ఏ పండుగనైనను దాని మరునాటి ఉదయమున పరీక్షింపవచ్చును. అతిథి వెళ్లిన పిమ్మట ఇల్లు ఎట్లున్నదో చూచిన, వచ్చినవాడెట్టివాడో తెలియును. ప్రభువు మన యూరికి వచ్చి వెళ్లెనని జనవరి నెలలో మన నేల చెప్పవలెను గాని, అంగడివాడు వచ్చి వెళ్లెనని చెప్పరాదు.

పూర్వికులు చేసిన రీతి

అలంకారము లేనిదే క్రిస్మసు లేదనియు, అలంకారమనగా అంగడిలో దొరకునదే యనియు మనకెవరు నేర్పిరి? దీని చరిత్ర కొంత తెలిసికొనుట మంచిది. పశువుల పాకను కట్టి చూపించు ఆచారమునకు ప్రసిద్ధమైన ఆరంభము 1223వ సంవత్సరము క్రిస్మసునాడు ఇటలీ దేశపు గ్రేచ్చో అను కొండ పల్లెలో జరిగినది. అస్సీసి ఫ్రాన్సిస్ అక్కడి పల్లెజనులకు బేత్లెహేమును కన్నులార చూపగోరి, ఎండుగడ్డి పరచిన తొట్టిని పెట్టించి, నిజమైన ఎద్దును, గాడిదను నిలువబెట్టించెను. అక్కడ కొన్న వస్తువేమున్నది? పల్లెలో ఉన్నదే బేత్లెహేమాయెను.

క్రిస్మసు చెట్టు సంగతియు అట్టిదే. జర్మను ప్రజలు తమ కొండలలో పెరుగు చెట్టునే తమ యిండ్లలో నిలిపిరి. 1605వ సంవత్సరమున స్ట్రాస్‌బర్గు పట్టణములో వ్రాయబడిన ఒక వృత్తాంతములో, ఆ చెట్లకు కాగితపు గులాబీలు, ఆపిలు పండ్లు, పలుచని అప్పములు, మిఠాయి, బంగారు రేకులు వ్రేలాడగట్టిరని యున్నది. అనగా తమ తోటలోని పండు, తమ పొయ్యిమీద కాల్చిన అప్పము, తమ చేతితో మడిచిన కాగితము, మెరుపు కొంచెమే. రంగు గాజు బుడ్డలు ఆ తరువాత రెండు వందల యేండ్లకు పైగా గడిచిన పిమ్మట, జర్మనీలో లౌషా అను గాజుపనివారి గ్రామములో చేయబడి, 19వ శతాబ్దపు చివర అంగడి సరకై దేశదేశములకు పోయినవి. వాటిని చూచి చేసిన ప్లాస్టిక్ బుడ్డలు నేడు మన సంతలకు వచ్చియున్నవి.

మనము వారిని అనుకరింపవలెననుకొన్నను, వారు వాడిన వస్తువును గాక వారు చేసిన రీతిని అనుకరింతము. వారు తమ నేలలో మొలిచినదానితో ప్రభువును సన్మానించిరి. మన నేలలో ఆపిలు లేదు, మంచు కురియదు. టేకులపల్లి పేరులోనే టేకు చెట్టు నిలిచియుండగా, మన గుడిలో ప్లాస్టిక్ దేవదారు కొమ్మలకు తెల్లని రంగు చల్లి మంచు అనుకొనుట ఎందుకు? బేత్లెహేము శిశువు ఆ దేశపు శిశువువలెనే పొత్తిగుడ్డలతో చుట్టబడెను. ఆయన ఏ జనము మధ్యకు వచ్చిన ఆ జనపు గుడ్డనే కట్టుకొనును.

ఈ సంగతిని గ్రహించిన పెద్దలు మనకు దగ్గరనే యుండిరి. 1912లో దోర్నకల్ అధ్యక్షులుగా అభిషేకింపబడిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య గారు ఆంగ్లికన్ సంఘములో మొదటి భారతీయ బిషప్పు. దోర్నకల్‌లో వారు కట్టించిన ఎపిఫనీ కతీడ్రల్ 1939 జనవరి 6న ప్రతిష్ఠింపబడినది. ఇంగ్లాండు దేశపు గుడిని తెచ్చి ఇక్కడ నిలుపక, మన దేశపు మండపముల స్తంభములను, గుమ్మటములను ఒక్క కట్టడములో కలిపి కట్టించిరి. తూర్పుదేశపు జ్ఞానులు తమ తమ దేశపు కానుకలు తెచ్చిన పండుగ పేరే ఆ గుడికి పెట్టబడెను. ఎవరి దేశపు కానుక వారు తేవలెనని ఆ రాళ్లు నేటికిని బోధించుచున్నవి.

డిసెంబరు మనకిచ్చునవి

అట్లయిన ఈ డిసెంబరు మన చేతికిచ్చునవేవి? మొదటిది వరి. కోతకు ముందే మంచి కంకులను కాడలతో ఏరి కట్టలు కట్టి, కాడలను కొంతసేపు నీటిలో నానబెట్టి మెత్తబరచి జడవలె అల్లినయెడల కుచ్చులు తయారగును. మన పెద్దలు ఇంటి చూరులకు పిచ్చుకలకొరకు కట్టిన కుచ్చులే ఇవి. గుడి ద్వారమునకు వీటిని మించిన తోరణము లేదు. పండుగ ముగిసిన తరువాత అవి పిచ్చుకల విందగును. రెండు పిచ్చుకలు కాసుకు అమ్మబడునని చెప్పి వాటిలో ఒక్కటియు తండ్రి మరచిపోడని బోధించిన ప్రభువునకు ఇది ఇష్టమైన పండుగ కాదా?

రెండవది పత్తి. దూది తీసిన తరువాత చెట్టున మిగులు ఎండు డొప్పను ఎప్పుడైన నిదానించి చూచితిరా? అది నాలుగైదు రేకులు విప్పుకొనిన పువ్వువలె, చుక్కవలె నుండును. మనము దానిని కంపతో కూడ తగులబెట్టుదుము. వాటిని కోసి, దుమ్ము దులిపి, సున్నపు నీటిలో ముంచి ఆరబెట్టి దారమునకు గ్రుచ్చిన తెల్లని నక్షత్రమాల యగును. అయితే పత్తికి మందులు కొట్టియుందురు గనుక డొప్పలను కడిగి వాడుడి. పని ముగియగానే పిల్లల చేతులు సబ్బుతో కడిగించుడి.

మూడవది తాటాకు, ఈతాకు. లేత ఆకులతో చిలుకలు, చేపలు, బంతులు, గిలకలు చేయుట మన పిల్లలకు ఎవరును నేర్పనక్కరలేదు. తాతలు జీవించియున్న చాలును. నాల్గవది మట్టి. జాజుతో అలికిన గోడమీద సున్నముతో వేసిన చుక్కలకు, వాకిట ముగ్గులకు కరెంటు దీపము చాలని అందమున్నది. యోసేపు, మరియ, కాపరుల బొమ్మలను బడిపిల్లలు బంకమట్టితో చేసి నీడను ఆరబెట్టవచ్చును. మూతి వంకరగా నున్నను, అవి వారి చేతులలో పుట్టిన కాపరులు. పాక కప్పునకు వరిగడ్డి చాలును. పండుగ తరువాత ఆ గడ్డి పశువుల మేత. బంతిపూలును, మామిడాకులును చెప్పనక్కరలేదు.

ఇట్లనుటలో కొనుటే పాపమని మేము చెప్పుట లేదు. వెదురు తట్టలల్లు మేదరవానియొద్ద నాలుగు తట్టలు కొని బోర్లించి దీపములకు గూళ్లు చేయుడి. కుమ్మరియొద్ద ప్రమిదలు కొనుడి. ఆ రూపాయి మన యూరిలోనే ఒకరి పొయ్యి వెలిగించును. వారు క్రైస్తవులు కాకపోయినను మన పండుగ వారింటికి శుభవార్తయే యగును.

అడవి కూడ ఊరకనే లేదు

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరము. అడవిలోనిది ఊరకనే దొరకుననుకొని గొడ్డలి పట్టుకొని బయలుదేరినయెడల, ప్లాస్టిక్ విషయములో చేసిన అన్యాయమే మరియొక విధముగా చేసినవారమగుదుము. అప్పుడు మూల్యము అడవి చెల్లించును. యుద్ధములో పట్టణమును ముట్టడించునప్పుడైనను ఫలవృక్షములను నరుకవద్దని ద్వితీయోపదేశకాండము 20వ అధ్యాయము ఆజ్ఞాపించినది. శత్రువు చెట్టునకే అంత కనికరము చూపవలసియుండగా, శాంతి పండుగనాడు మన చెట్టును నరుకుదుమా? బొగ్గు గనులును, పోడును కలిసి మన యడవిని ఇదివరకే చాల వెనుకకు నెట్టినవి. కిన్నెరసాని ఒడ్డున మిగిలినది మన బిడ్డలకు చెందవలసినది.

నెహెమ్యా 8వ అధ్యాయములో జనులు పర్ణశాలల పండుగకు కొండలకు పోయి కొమ్మలు తెచ్చిరి. అది దేవుని ఆజ్ఞయే. కాబట్టి తెచ్చుట తప్పు కాదు, తెచ్చు రీతియే ముఖ్యము. రాలినదానిని ఏరుడి. ఎండినదానిని తీయుడి. కోయవలసివచ్చిన, చెట్టు మరల చిగిర్చునంత విడిచి కోయుడి. టేకు మొక్కను, వేప మొక్కను మొదలంట నరికి క్రిస్మసు చెట్టుగా నిలుపవద్దు. అంతగా చెట్టు కావలెనన్న, గుడి ఆవరణములో ఒక మొక్క నాటి, ఏటేట నిలిచియున్న చెట్టునే అలంకరింపుడి. అది మన పిల్లలతోపాటు ఎదుగును. రక్షిత అడవిలో వెదురు నరుకుటకు నియమములున్నవి. వాటిని మీరి తెచ్చిన వెదురుతో చేసిన నక్షత్రము జ్ఞానులను ఏ యింటికి నడిపించును? తమ పెరటిలో పెంచుకొన్నవారినడిగి తెచ్చుకొనుడి.

మరి రెండు మాటలు. గురివింద గింజలు ఎఱ్ఱగా అందముగా నుండునని పిల్లలు దండలు గ్రుచ్చుదురు. ఆ గింజ లోపలి పప్పు ప్రాణము తీయు విషము. పగిలిన గింజ, సూదితో తొలిచిన గింజ మరింత ప్రమాదము. వాటిని అలంకారములో చేర్చవద్దు. కాగితపు నక్షత్రములోను, గడ్డి పాకలోను నూనె దీపము, క్రొవ్వొత్తి పెట్టవద్దు; వేడెక్కని చిన్న కరెంటు బల్బు పెట్టుడి. భక్తి పేరిట అజాగ్రత్త భక్తి కాదు.

అతిశయము లేని సరళత

కడపటి మాట మన హృదయమును గూర్చినది. ఆకులతో అలంకరించుకొన్న సంఘము, ప్లాస్టిక్ కట్టిన పొరుగు సంఘమును చూచి ముక్కు విరిచినయెడల, ఆ ఆకులు పరిసయ్యుని చెంగులకంటె మంచివి కావు. సరళతకు కూడ గర్వము పట్టును. అది పట్టు బట్ట గర్వముకంటె వదలించుటకు కష్టమైనది. కాబట్టి ఇంటిలో నిరుడు కొన్న నక్షత్రమున్నయెడల దానిని పారవేయవద్దు. ఇప్పుడు పారవేసిన అది ఇప్పుడే చెత్త యగును. తుడిచి, దాచి, చినుగువరకు వాడుడి. క్రొత్తది మాత్రము కొనవద్దు. ఒక బీదవాని బిడ్డ సంతలో పది రూపాయలకు మెరుపు చుక్క కొని ఆశతో గుడికి తెచ్చినయెడల, దానిని త్రోసివేయక, అతడు చూచుచుండగా ముందు వరుసలో కట్టుడి. నియమముకంటె ఆ బిడ్డ గొప్పవాడు. మరుసటి యేడు ఆ బిడ్డనే నక్షత్రము కట్టుటకు పిలువుడి.

మరియ శుద్ధి దినములు గడిచినప్పుడు యెరూషలేమునకు తెచ్చిన అర్పణ గువ్వల జత అని లూకా సూచించుచున్నాడు. గొఱ్ఱెపిల్లను తేలేని బీదలకు ధర్మశాస్త్రము విడిచిపెట్టిన వంతు అది. లోకమును సృజించినవాని తల్లి బీదల వంతు పట్టుకొని దేవాలయములో నిలువబడుటకు సిగ్గుపడలేదు. దేవుడును దానిని తక్కువగా ఎంచలేదు. మన సంఘములలో తాటాకు చిలుకను పట్టుకొని వచ్చు తల్లి ఎందుకు సిగ్గుపడవలెను?

కాబట్టి ముందు వరుసలోని పెద్దమనుష్యునికి మన జవాబు ఇది: అయ్యా, నీవు చెప్పినది నిజమే, ఖర్చు కానిది దేవునికి పెట్టరాదు. అందుచేతనే మన సాయంకాలములను, మన వ్రేళ్లను, మన ఓపికను, మన పిల్లలతో కూర్చుండు గడియలను పెట్టుదము. మన ఖర్చు మనమే భరింతము. పశువుమీద, వాగుమీద, పుట్టబోవువారిమీద దానిని వేయవద్దు. చందాలో మిగిలిన రూపాయలతో, ఈ చలికాలములో కప్పుకొనుటకు లేని ముసలివారికి ఒక్క దుప్పటియైన కొందము. జనవరి 6 గడిచిన పిమ్మట కుచ్చులు పిచ్చుకలకు, గడ్డి పశువులకు, ఆకులు ఎరువు గుంటకు, బొమ్మల మట్టి మట్టికి ఇచ్చివేయుదము. గుడి ఊడ్చి చూచినప్పుడు పారవేయవలసినది ఏదియు మిగులకుండునుగాక. భూమియు దాని సంపూర్ణతయు ఎవరివో ఆయనకే మహిమ కలుగునుగాక. ఆమేన్.